గవరయ్యకు మూడు నిమిషాలు

2019 జూలై పదహారు, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల పద్నాలుగు నిమిషాలు. కలకత్తా రేవు పక్కన మెటియాబ్రుజ్‌లో సన్నని వాన పడుతోంది. గాలి లేదు. నది మీద మబ్బు బాగా కిందికి దిగడంతో అవతలి ఒడ్డు కనిపించడం లేదు.

రేవు కూలీల పాత క్వార్టర్లలో, అప్పలలక్ష్మి గదిలో, ఆమె కోడలు భాను సెల్‌ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టింది. ఏడుగురు ఆడవాళ్ళం దాని ముందు కూర్చున్నాం. ఢిల్లీలో లోక్‌సభ జీరో అవర్ నడుస్తోంది. ఇక్కడి ఎంపీ సుబిమల్ హాల్దార్ ప్రతిపక్షం బెంచీల్లో తన వంతు కోసం కాచుకుని ఉన్నాడు. ఆయన మాట్లాడవలసింది అప్పలలక్ష్మి భర్త, చనిపోయిన గవరయ్య గురించి. ఎనిమిది నెలలుగా ఆగిపోయిన ఆమె పెన్షన్ మళ్ళీ వస్తుందా రాదా అన్నది ఆ మాటల మీద ఆధారపడి ఉంది. అది ఆగిపోవడానికి మొదటి కారణం నా చేతిరాత.

1971లో మేమూ ఈ క్వార్టర్ల లైన్లలోనే ఉండేవాళ్ళం. మా నాన్న ఓడల నుంచి దిగే సరుకును సరిచూసే గుమాస్తా. నేను యూనివర్సిటీలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. ఇంగ్లీషులో అర్జీ రాయగలిగిన ఆడపిల్లను అక్కడ నేనొక్కదాన్నే కావడం వల్ల ఆదివారం ఉదయాలు మా వరండా నిండిపోయేది. శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీలు కనుబొమల్లో జనపనార పొడితో, మెడలో ఇత్తడి టోకెన్లతో వరసగా కూర్చునేవారు, నన్ను పంతులమ్మ అనేవారు. అమ్మ మట్టి ముంతల్లో టీ ఇచ్చేది. ఊరి నుంచి మద్రాసు మెయిల్లో వచ్చిన ఎండుచేపల వాసన, కొత్త సిరా వాసన కలిసి నాకు ఆదివారం వాసనగా స్థిరపడిపోయాయి. నలభై ఏళ్ళకు పైగా నేను నగరం అవతలి కొసన సాల్ట్ లేక్‌లో ఆదివారాలు గడుపుతున్నాను. వాటికి ఏ వాసనా లేదు.

అలాంటి ఒక ఆదివారం గవరయ్య వచ్చాడు. తన తర్వాత పెన్షన్ భార్యకు చెందాలని కోరే ఫారం తెచ్చాడు.

"పేరు?" అన్నాను.

"ఎంకటేసు."

నేను తలెత్తాను. "అది మీ అన్న పేరు కదా."

"అన్న పోనాడమ్మా. టోకెన్ ఉండిపోనాది. దానికి నాను పలుకుతన్నాను." నేను కలం కదపకపోవడం చూసి నవ్వాడు. "రాసీ అమ్మా. బరువు మోసీది పేరేటి, ఈపే గదా."

వెనక నుంచి మరియదాసు, అతని గ్యాంగులోనివాడే, అందుకున్నాడు. "మరి ఇంటికెల్తే ఏ పేరుకి పలుకుతావురా?"

"ఇంటికాడ పేరెందుకు? 'ఇదిగో' అంటాది, పలుకుతాను."

వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వుతూనే రాశాను: భర్త వెంకటేశు, భార్య అప్పలలక్ష్మి.

అందులో మోసం చేస్తున్నామన్న భావన ఎవరికీ లేదు. ఆ రోజుల్లో రేవులో కొత్త పేర్లు నమోదు చేసుకోవడం ఆపేశారు. రిజిస్టరులో ఉన్న పేరుకు హాజరు పలికేవాడు ఉన్నంత కాలమే ఆ కుటుంబానికి ఆ పని దక్కేది. అన్న జబ్బుపడి ఊరెళ్ళిపోతే తమ్ముడు, తండ్రి పోతే కొడుకు, అదే టోకెన్ మెడలో వేసుకుని ఓడ ఎక్కేవారు. గ్యాంగు మేస్త్రీకి తెలుసు, మా నాన్నకు తెలుసు, నాకూ తెలుసు.

ఆ పేరుతోనే గవరయ్య ముప్పై ఏళ్ళు మోశాడు, రిటైరయ్యాడు, 2009లో పోయాడు. వెంకటేశు భార్యగా అప్పలలక్ష్మికి పెన్షన్ సాఫీగా వచ్చింది. మూడేళ్ళకు ఆధార్ వాళ్ళు వచ్చి భర్త పేరు అడిగారు. అప్పలలక్ష్మి తన తరం ఆడవాళ్ళలాగే భర్త పేరు ఏనాడూ పలికిన మనిషి కాదు. పక్కనున్న భాను చెప్పింది, నిజమైన పేరే చెప్పింది: గవరయ్య. ఆ తర్వాత పెన్షన్ కాగితాన్నీ ఆధార్‌నూ కలిపి చూడాలని ఉత్తర్వు వచ్చింది. పేర్లు కలవక 2018 నవంబరులో పెన్షన్ ఆగింది.

పెన్షన్ ఆఫీసులో గుమాస్తా పాత ఫారం తీసి చూపించినప్పుడు అప్పలలక్ష్మికి తోడుగా నేనున్నాను. ఆ తోక ఉన్న ఇంగ్లీషు 'వి' నాదేనని వెంటనే గుర్తుపట్టాను. ఆ నెలంతా లైన్లలో ఇల్లిల్లూ తిరిగాను. అదే చిక్కులో అరవై మూడు కుటుంబాలు తేలాయి. కారణాలు, పర్యవసానాలు, పరిష్కారం ఆరు పేజీల్లో రాసి, అప్పలలక్ష్మిని, భానును వెంటబెట్టుకుని ఎంపీ దగ్గరకు వెళ్ళాను.

హాల్దార్ ఆరు పేజీలూ చదివాడు. తర్వాత వాటిని బల్ల మీద పెట్టి, పిన్నిని పిలిచినట్టు బెంగాలీలో అన్నాడు. "మాసీమా, మీరు పరీక్ష పెడితే నేను ఫస్ట్ క్లాసులో పాసవుతాను. కానీ సభలో నాకు దొరికేది మూడు నిమిషాలు. అరవై మూడు కుటుంబాలంటే అక్కడ ఎవరూ తలెత్తరు. ఒక మనిషిని ఇవ్వండి. పేరుతో సహా."

తర్వాత అప్పలలక్ష్మి వైపు తిరిగాడు. "మీ ఆయన పేరేమిటి?"

ఆమె నేల చూసింది. భాను నోరు తెరవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "మా అమ్మమ్మ కూడా చెప్పేది కాదు. కానీ ఇది మీరే చెప్పాలి. రేపు ఎవరైనా కాదంటే, భార్యే స్వయంగా చెప్పిందని నేను నిలబడి అనగలగాలి."

నేను తెలుగులో చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎప్పటిలా అక్కను పిలిచినట్టే నన్ను పిలిచింది.

"నోట రాకపోడం కాదు అప్పా. ఈయన ఢిల్లీలో సెప్పేత్తే ఏటవుద్ది? దొంగ పేరుతో కూడు తిన్నాడంటారు. పోయినోడు, వచ్చి జవాబు సెప్పగలడేటి? పింఛను పోతే పోనీ. ఆ మాట నానినలేను."

"దొంగ పేరు రాసింది నేను, లక్ష్మీ," అన్నాను. "ఆ ఫారం మీద ఉన్నది నా రాత. ఎవరైనా అంటే నన్ను కూడా అనాలి."

ఆమె నోటి మీద నుంచి కొంగు తీసింది. "నువ్వే రాసినావని నాకు తెలీదేటి? ఆ పూట ఇంటికొచ్చి సెప్పి నవ్వినాడు. పంతులమ్మ కలం ఆపీసింది, నానే తోసినానని."

"అత్తా, నువ్వు నోరిప్పకపోతే మావ ఇంకా ఎంకటేసు గానే ఉండిపోతాడు," అంది భాను. "పెదమావకి ఇద్దరు పెళ్ళాలు, మావకి ఒక్కర్తీ లేదు. కాయితాల్లో అదే ఉంది, సూసుకో."

అప్పలలక్ష్మి కోడలి భుజం మీద ఒకటి వేసింది. నవ్వు ఆపుకోలేకే వేసింది. తర్వాత లేచి నిలబడి, కొంగు తల మీదుగా కప్పుకుని, ఎంపీ వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

"గవరయ్య. బమ్మిడి గవరయ్య."

ఆయన రాసుకున్నాడు. సరిగ్గా పలికేదాకా మూడుసార్లు అనిపించుకున్నాడు. మూడోసారికి ఆమె గొంతులో బెరుకు పోయింది.

ఇప్పుడు ఫోనులో హాల్దార్ లేచాడు. "అధ్యక్షా, మా నియోజకవర్గంలో బమ్మిడి గవరయ్య అనే మనిషి ముప్పై ఏళ్ళు ఓడల్లో సరుకు మోశాడు. ఆయన పేరు ఏ రిజిస్టరులోనూ లేదు." బెంగాలీ నోట్లో పేరు కాస్త గుండ్రబడింది. గదిలో ఒకావిడ కిసుక్కుమంది. అప్పలలక్ష్మి ఫోను మీద నుంచి చూపు తిప్పలేదు.

ఎదుటి బెంచీల నుంచి ఎవరో అరిచారు. "మరి జీతం ఎవరు తీసుకున్నారు?"

"మోసినవాడే తీసుకున్నాడు," అన్నాడు హాల్దార్.

కొందరు బల్లలు చరిచారు. ఆయన టోకెన్ల సంగతి చెప్పాడు, నమోదు ఆపిన సంగతి చెప్పాడు, అరవై మూడు అన్నాడు. కలిసి పనిచేసిన ఇద్దరు ప్రమాణపూర్వకంగా సాక్ష్యం చెబితే పేరు సరిదిద్దాలన్న అసలు కోరిక మొదలుపెట్టేసరికి మైకు ఆగిపోయింది. ఆయన పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. తర్వాత వేరొక సభ్యుడు లేచి, వేరొక ఊరి తాగునీటి గురించి మాట్లాడాడు.

"అయిపోనాదా?" అంది అప్పలలక్ష్మి.

"అయిపోయింది. మిగతాది రాసి మంత్రికి పంపుతాడు."

"ఆయన్ని దొంగన్నారేటి, అప్పా?"

"అనలేదు."

ఆమె తల ఊపి, టీ పెట్టడానికి లేచింది.

మంత్రిత్వ శాఖ జవాబు రావడానికి పద్నాలుగు నెలలు, ఉత్తర్వు రావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఇద్దరు తోటి కూలీల సాక్ష్యాన్ని ఒప్పుకున్నారు. హౌరాలో ఉంటున్న మరియదాసు ఎనభై రెండేళ్ళ వయసులో వచ్చి గవరయ్యకు సాక్ష్యం చెప్పాడు, ఇంకొకరూ దొరికారు. 2022 మార్చి నుంచి అప్పలలక్ష్మికి, ఆమెతో పాటు మరో నలభై కుటుంబాలకు పెన్షన్ మళ్ళీ వచ్చింది. మిగిలిన ఇరవై రెండు కుటుంబాలకు రాలేదు. వారి గ్యాంగుల్లో అప్పటికి ఇద్దరు సాక్షులైనా బతికి లేరు.