రేడియోకు కొట్టిన బిరడా

ఆ సాయంత్రం రేడియోలో అమ్మ పాట వస్తుందని షామీర్‌పేటలో మా వాడకట్టు మొత్తానికి తెలుసు. నాట్లేసేటప్పుడు అమ్మ పాడే పాటను రేడియో వాళ్లు వానాకాలంలో వచ్చి రికార్డు చేసుకుపోయారు. తన గొంతు ఎదుటివాళ్లకు ఎలా వినబడుతుందో అమ్మ అప్పటిదాకా ఎరగదు. వారం నుంచి ఇంట్లో అదే ముచ్చట.

తీరా ఆ రోజు పొద్దున పెట్టి చూస్తే రేడియో కిక్కురుమనలేదు. లైటు వెలుగుతోంది, ముల్లు కదులుతోంది, మాట లేదు. వాడకట్టులో ఇంకో ఇంట అడుగుదామంటే, టీవీలు వచ్చాక అందరి రేడియోలూ అటకెక్కాయి.

"ఏం జేసినవయ్యా?" అంది అమ్మ. మా ఇంట్లో ఏది చెడినా ముందు బాపునే అడుగుతాం. చాలాసార్లు తప్పు ఆయనదే.

"నేనేం జేసిన? రోజు తెప్ప మీదికి తీస్కపోతున్న గద. పక్కకు బొక్క ఉంటే నీళ్లు వోతయని రాత్రి బిరడ గొట్టిన."

ఆ బొక్క ఇయర్‌ఫోన్ పెట్టుకునేది! బాపు చెరువులో చేపలు పట్టేవాడు. దేనికి చిల్లి కనబడినా వేపపుల్ల చెక్కి, తారు పూసి, దిగ్గొట్టడం ఆయనకు అలవాటు. లాగబోతే పుల్ల లోపలే విరిగి కూర్చుంది.

నాకు ఒళ్లు మండింది. "నన్నొక మాట అడిగితే నోట్లెకెళ్లి ముత్యాలు రాల్తయా బాపూ?" అని, రేడియో సంచిలో వేసుకుని మేడ్చల్ బయల్దేరాను.

అక్కడ రేడియోలు బాగుచేసే నారాయణ వెనక మూత విప్పి చూశాడు. "పుల్ల దూరింది గద, ఇయర్‌ఫోన్ పెట్టిన్రనుకొని డబ్బ నోరు మూసుకుంది. బోర్డు బయటికొస్తే పుల్లను ఎనకకెళ్లి నూకొచ్చు" అన్నాడు. ఆ బోర్డును పట్టుకున్నది బొక్క చుట్టూ ఉన్న గుండ్రటి నట్టు. దానికి కోణాలు లేవు, ఎదురెదురుగా రెండు గాట్లు మాత్రం ఉన్నాయి. కటింగ్ ప్లేయర్ జారిపోయింది. స్క్రూడ్రైవర్ ఎగిరి డబ్బా మీద గీత పడేసింది.

"దీని పానా ఏరే ఉంటది బిడ్డా. సికింద్రాబాద్‌ల దొరుకుతది. రేపు తెప్పిస్త."

రేపు తెచ్చి ఏం చేసుకోను? బస్సు దొరక్క ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతోంది. వాకిట్లో పక్కింటి వజ్రమ్మ అప్పటికే చాప పరుచుకుని కూర్చుంది. అమ్మ నా మొహం చూసి, "పోనీ తియ్యి" అని లోపలికి వెళ్లిపోయింది. చేతిలో ఏ పనీ లేకుండా లోపలికి వెళ్లడం అమ్మకు అలవాటు లేదు.

బాపు వల అల్లుతున్నాడు. నారాయణ చెప్పింది నా నోట విని, రేడియో అందుకుని నట్టు మీది గాట్లను వేలితో తడిమాడు. తర్వాత చేతిలోని సూదిని చూశాడు. అది మా తాత బర్రెకొమ్ముతో చేసిన వల సూది. తోక దగ్గర దారం జారకుండా రెండు పళ్లుంటాయి. నట్టు మీద పెడితే పళ్లు రవ్వంత లావై గాట్లలో పట్టలేదు. సూది పట్టుకుని కత్తి నూరే రాయి దగ్గరికి నడిచాడు.

చప్పుడు విని అమ్మ బయటికి వచ్చింది. "అది మామ చేసిచ్చిందయ్యా! పండ్లరిగితే దారం నిలుస్తదా?"

"ఊకో జెర."

పళ్లు సగానికి అరిగాక గాట్లలో సరిగ్గా కూర్చున్నాయి. బాపు అదిమిపట్టి తిప్పాడు. నట్టు కదిలింది. వెనక మూత తీసి, రేడియో పెట్టి, బోర్డు పైకి లేపి, పుల్లను వెనక నుంచి పిన్నీసుతో నెట్టాను. అది ఊడి పడీ పడగానే రేడియోలోంచి అమ్మ గొంతు వచ్చింది.

పాట అప్పటికే మొదలైపోయింది. వినబడింది చివరి చరణం మాత్రమే. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. వెంటనే ఎవరో వడ్ల ధరలు చదవడం మొదలుపెట్టారు.

"గంతేనా?" అంది అమ్మ. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మొదలు ఎట్లున్నదో ఏమో. ఇగ నాకెట్లెరుకైతది?"

"నాకెరుకే" అన్నాడు బాపు.

అమ్మ పాట బాగుందని ఆయన అన్న రోజు ఒక్కటి లేదు. నాట్లప్పుడు పాట గట్టు మీంచి చెరువులోకి వినబడుతూనే ఉన్నా, ఎన్నడూ తల తిప్పి చూసిన మనిషి కాదు. ఇప్పుడు అరిగిపోయిన సూది చేతిలో పట్టుకుని, బొంగురు గొంతుతో మొదటి చరణం ఎత్తుకున్నాడు. వజ్రమ్మ ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కానీ అమ్మ ఎక్కడ రాగం తీస్తుందో అక్కడ తీశాడు, ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో అక్కడ ఆగాడు.

అమ్మ చెయ్యి చాచి, ఇంకా వడ్ల ధరలు చదువుతున్న రేడియోను కట్టేసింది.