బావిలో మాట్లాడే మనిషి

సంగవ్వ తాడును రెండు వేళ్ళ మధ్య నుంచి జారనిస్తూ తడిమి చూసుకుంటోంది. నాందేడ్ బస్టాండులో అప్పుడప్పుడే వెలుతురు వస్తోంది. దెగ్లూర్ బస్సు ఇంకా రాలేదు. తాడులో ఎక్కడ పోగు తెగినా కళ్ళకంటే ముందు ఆమె వేళ్ళకే తెలుస్తుంది. తడిమిన మేరకు చుట్టగా చుట్టి ఒళ్ళో పెట్టుకుంటోంది, పసిపిల్లను పడుకోబెట్టుకున్నట్టు.

పక్కన మారోతి గోడకు ఆనుకుని గొంతుక్కూచున్నాడు. పొట్టి మనిషి. మెడ మీద నరాలు తేలి ఉంటాయి. ఏళ్ళ తరబడి రాతిగోడలకు ఒరుసుకుని మోకాళ్ళు, మోచేతులు నల్లగా బిరుసెక్కి, అవి అతని ఒంటివి కావన్నట్టు కనిపిస్తాయి. బావుల్లో పూడిక తీయడం అతని పని. అతని తండ్రిదీ అదే పని.

"ఛాయ్ తాగుతవా?" అంది సంగవ్వ.

అతను అడ్డంగా తల ఊపాడు. ఎడమ భుజాన్ని కుడిచేత్తో రుద్దుకుంటున్నాడు.

"రాత్రి సరిగ పడుకోలేదా ఏంది?"

దానికీ తల ఊపాడు. నేల మీద ఉన్నంతసేపూ మారోతి అంతే. ఇరుగుపొరుగు వాళ్ళు అతన్ని మూగోడనుకుంటారు.

బస్సు గోదావరి వంతెన ఎక్కగానే అతను కళ్ళు మూసుకుని ముందు సీటు ఇనుప కడ్డీని పట్టుకున్నాడు. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. ఆమె అటు చూడనట్టు కిటికీలోంచి నది వైపు చూసింది. మాఘమాసపు మంచు నీళ్ళ మీద పొగలా పరుచుకుని, ఒడ్డున బట్టలుతికేవాళ్ళు నడుముల దాకా మాత్రమే కనిపిస్తున్నారు. వంతెన దాటాక అతను కళ్ళు తెరిచాడు. బావుల్లోకి దిగి బతికే మనిషికి ఎత్తంటే భయమని ఈ లోకంలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆమెకైనా పెళ్ళయిన కొత్తలో తాడు చెప్పింది. అప్పటిదాకా తాడు పట్టిన మామ జ్వరంతో మంచాన పడితే, ఆ పని కొత్తకోడలి మీద పడింది. చెట్టు మొదలుకు తాడును చుట్టి, గిరక మీదుగా కొద్దికొద్దిగా వదలాలి. నడుముకు తాడు కట్టుకున్న మారోతి గోడకు కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి వాలి నడుస్తూ దిగాలి. అతను బావి అంచు దాటి కాలు మోపగానే తాడు వెంట ఒక వణుకు పైకి పాకి ఆమె అరచేతుల్లోకి వచ్చింది. ఆ వెంటనే, పెళ్ళయిననాటి నుంచి పట్టుమని నాలుగు ముక్కలు మాట్లాడని ఆ మనిషి నోరు తెరిచాడు.

"సంగీ, నీ పట్టీల సప్పుడు నాకు మంచిగ అనిపిస్తది. ఇనవడుతున్నదా? పొద్దుగాల నువ్వు వాకిలి ఊడుస్తుంటే పండుకొనే ఇంటుంట. లేవబుద్ధి కాదు."

ఆమెకు చెవులు వేడెక్కాయి. అతను మాట్లాడుతూనే ఉన్నాడు. మాట సాగిన కొద్దీ తాడులో వణుకు తగ్గుతూ వచ్చింది. అడుగుకు చేరాక మళ్ళీ మాట లేదు. పైకి వచ్చాక, ఏమీ అననట్టే జొన్నరొట్టె తిన్నాడు.

ఆ తర్వాత వాళ్ళ సంసారమంతా బావి గట్టునే నడిచింది. ఆడపిల్ల పుడితే సోనాలి అని పేరు పెడదామని అతను అన్నది ఒక బావిలో. ఆ పిల్లను కిన్వట్‌లో ఇచ్చి పంపాక, బస్సు కనుమరుగయ్యేదాకా ఏడుపు ఆపుకున్నానని చెప్పింది మరో బావిలో. తనకు వచ్చే కలలు కూడా చెప్పేవాడు. కలలో ఊళ్ళన్నీ బల్లపరుపుగా ఉంటాయట. మెట్లుండవట. గోదారి కూడా లోతు లేకుండా, ఆరేసిన చీరలాగా, నడిచిపోవడానికి వీలుగా ఉంటుందట. ఒకసారి అసలు మాట కూడా చెప్పాడు.

"లోతు భయం కాదు సంగీ. అడుక్కు చేరితే నాకేం కాదు. నేను ఎత్తుల ఉన్న సూడు, గదే భయం. నీతోని మాట్లాడుతుంటే నేలమీద ఉన్నట్టే ఉంటది."

ఆమె ఒక్కసారీ జవాబు చెప్పలేదు. గట్టు మీద మనుషులుండేవారు. సిగ్గేసేది. జవాబులన్నీ లోపలే చెప్పుకునేది.

బస్సు దిగి మట్టిదారిన నడిచి శంకర్రావు పటేల్ చేనుకు చేరేసరికి ఎండ ముదిరింది. చుట్టూ బోర్లు వేసుకుంటున్నా పటేల్ మాత్రం నిజాం కాలం నాటి రాతిబావిని వదల్లేదు. దాని అడుగున, గోడలో ఒక బుగ్గ ఉంది. మనిషి పాకిపోయేంత గుహ. నీళ్ళు అందులోంచే ఊరుతాయి. ఏటా అది పూడుకుపోతుంది, ఏటా మారోతి వస్తాడు.

"సావకాశ్ రే మారోతీ," అన్నాడు పటేల్ మరాఠీలో. "తొందరేం లేదు."

మారోతి నడుముకు తాడు బిగించుకున్నాడు. సంగవ్వ వేపచెట్టు మొదలుకు రెండు చుట్లు వేసి కాలు తన్నిపెట్టి నిలబడింది. అతను అంచు దాటాడు. వణుకు వచ్చింది. మాట కోసం ఆమె చెవి ఒగ్గింది.

మాట రాలేదు.

ఆమె ఇంకొంచెం తాడు వదిలింది. గోడ సందుల్లోని పావురాలు రెక్కలు కొట్టుకుంటూ లేచాయి. తాడు ఇంతకు ముందెన్నడూ లేనంతగా అదురుతోంది. అతని కాళ్ళు కదలడం ఆగిపోయింది. పైకీ కాక కిందికీ కాక, మధ్యలో గోడకు అతుక్కుపోయాడు.

"ఓ సోనాలి నాయినా!" అని పిలిచింది. పటేల్ వంగి చూసి, "ఏమైందే? పైకి గుంజమంటవా?" అన్నాడు. ఇద్దరు పాలేర్లు తాడు దగ్గరికి వచ్చారు.

ఇప్పుడు గుంజితే చేతులు వదిలేసి గోడకు కొట్టుకుంటాడని ఆమెకు తెలుసు. అరచేతుల్లో వణుకును పట్టుకుని, ఏం చేయాలో తోచక, నోరు తెరిచింది.

"నేనే చెప్త, ఇను. కిందికి చూడకు. ఇక్కడ ఏమున్నదో చెప్త. కుసుమ పూలు పూసినయి. పచ్చగ ఉన్నది చేనంతా. పటేల్ వాళ్ళ బర్రె పండుకొని నెమరేస్తున్నది. దాని వీపు మీద కొంగ ఎక్కింది, దిగుతలేదు. ఇంటున్నవా?"

పాలేర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమెకు సిగ్గు గుర్తుకు రాలేదు.

"నా పట్టీల సప్పుడు మంచిగుంటది అంటివి గదా. గందుకే నేను వాకిలి రెండుసార్లు ఊడుస్తుంటి. చెత్త లేకున్నా ఊడుస్తుంటి. నీకు ఎరికలేదు. నీ కలలున్నయి సూడు, గవి నాకు సుత వస్తయి. నువ్వు చెప్పినంక వస్తయి. గా పలచటి గోదారిల నేను ముందు నడుస్త, నువ్వు ఎనక వస్తవు. నీళ్ళు పాదాలకే తాకుతయి. కాలు ముందుకెయ్యి. వేసినవా? ఇంగో కాలెయ్యి."

తాడు మెల్లగా కదిలింది. ఆమె వదిలింది. మాట్లాడుతూ వదిలింది, వదులుతూ మాట్లాడింది. ఇన్నేళ్ళు లోపల దాచుకున్న జవాబులన్నీ ఒక్కొక్కటే బావిలోకి దిగాయి. వణుకు పలచబడి, ఒక సన్నని అదురుగా మారి, ఆగిపోయింది. కింద నీళ్ళ చప్పుడైంది. తాడు వదులైంది.

ఆ పగలంతా అతను బుగ్గలోనే ఉన్నాడు. మామూలుగా బురద తట్టలు చకచకా పైకి వచ్చేవి. ఇవాళ ఆగి ఆగి వచ్చాయి. బుగ్గలో ఉన్నప్పుడు అతనికి ఏ భయమూ ఉండదు. పక్కనుంచి గోడ, పైనుంచి కప్పు, కిందనుంచి నేల దగ్గరగా వచ్చి పట్టుకుంటాయి, ఎవరో ఒళ్ళోకి తీసుకున్నట్టుంటుందని ఒకప్పుడు చెప్పాడు. సంగవ్వ వంగి చూసినప్పుడల్లా చీకట్లో అతని అరికాళ్ళు మాత్రం తెల్లగా కనిపించేవి. ఒకసారి కొత్తనీటి బుడబుడ వినిపించింది. అడుగున ఆకాశం ముక్క ఊగి, నిలిచింది.

పొద్దు వాలుతుండగా తాడు మూడుసార్లు కదిలింది. పాలేర్లు గుంజారు. పైకి వచ్చేటప్పుడు కూడా అతను మాట్లాడలేదు. సంగవ్వే మాట్లాడింది. అంచు దాటి నేల మీద కాలు పెట్టాడు. ముఖం బూడిదరంగులో ఉంది, చెమట పట్టింది. తడిసిన అంగీ విప్పి, పిండకుండానే పక్కనున్న తుమ్మకొమ్మ మీద ఆరేశాడు. వచ్చి ఆమె దగ్గర కూర్చున్నాడు.

"పొద్దుగాల మాట రాలేదు సంగీ," అన్నాడు. "ఛాతీల ఏదో పట్టేసినట్టయింది. ఎంత చేసినా గొంతు లేవలేదు."

నేల మీద అతను తనంతట తానుగా ఇంత మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు.

"గుంజుమంటే అయిపోతుండె గదా! ఎందుకు దిగినవు?"

"నువ్వు చెప్తుంటివి." అతను చేను వైపు చూశాడు. "నీ మాట పట్టుకొని దిగిన. ఎత్తుల ఉన్నననే యాదికి రాలేదు. కొంగ దిగిందా?"

"ఏం కొంగ?"

"బర్రె మీది కొంగ."

ఆమె నవ్వింది. తిరిగి చూసింది. బర్రె లేచి నిలబడి ఉంది, కొంగ లేదు. "ఎగిరిపోయింది," అంది.

అతను చెట్టు నీడలో వెల్లకిలా పడుకున్నాడు. వీపు మొత్తం నేలకు ఆనేలా చేతులు బారజాపి, "ఇంగో మాట చెప్పు," అన్నాడు.

ఆమె చెప్పింది. సోనాలి కడుపుతో ఉందట, కిన్వట్ నుంచి వచ్చిన మనిషి నిన్ననే చెప్పాడు, మగపిల్లాడయితే ఏం పేరు పెడదామని అతన్ని అడిగింది. అతను జవాబు చెప్పలేదు. నేల మీద ఉన్నాడు కదా అనుకుని, ఆమె ఇంకాసేపు తానే పేర్లు చెబుతూ పోయింది. ఆకుల నీడలు అతని ముఖం మీద కదులుతున్నాయి. ఒక ఈగ వచ్చి కనురెప్ప మీద వాలింది. అతను దాన్ని తోలలేదు.

పటేల్ జీపు తెప్పించాడు. పాలేర్లు అతన్ని ఎత్తి వెనక పడుకోబెట్టారు. సంగవ్వ పక్కన కూర్చుని, చల్లబడిన అతని చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏమాత్రం వణుకు లేదు. జీపు మట్టిదారిన మెల్లగా సాగి, కుసుమ చేల వెనక మలుపు తిరిగింది. లేచిన దుమ్ము చాలాసేపు ఎండలో వేలాడి, అణిగింది.

బావి దగ్గర ఎవరూ లేరు. తుమ్మకొమ్మ మీద అంగీ చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి, వాటి అంచుల నుంచి నీళ్ళు ఇంకా ఒక్కో చుక్కే మట్టిలోకి రాలుతున్నాయి.