మచ్చలావు తొట్టి

నేను ఒక టైరుని. లారీ టైరుని. రోడ్డు పక్కన పడి ఉంటే మీరు వెయ్యిసార్లు దాటిపోయిన సరుకుని. పాత వస్తువు నోరు విప్పితే ఆ రోజులే వేరంటూ కళ్లు తుడుచుకుంటుందని మీకో నమ్మకం. నా దగ్గర ఆ ముచ్చట్లు లేవు. నాకు కోపం ఉంది. అది చెప్పుకుందామనే మొదలుపెట్టాను. వినే ఓపిక లేకపోతే ఇప్పుడే లేచి వెళ్లిపోండి.

పుట్టింది ఒక ఫ్యాక్టరీలో. గంధకం కంపులో నన్ను అచ్చులో పెట్టి నొక్కి, ఆవిరితో ఉడికించి బయటికి తీశారు. నర్సీపట్నం సూరిబాబు నన్ను కొని తన లారీకి బిగించాడు. మొదటి రోజు పసుపు రాశాడు, బొట్లు పెట్టాడు, నా కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాడు. ఇంత మర్యాద చేసేవాళ్లుంటే ఎంత బరువైనా మోయొచ్చు అనుకున్నాను. ఆ సాయంత్రమే ఘాట్ రోడ్డు మలుపులో లారీ ఆపి, లోకంలో ఇంకెక్కడా చోటు లేనట్టు వచ్చి నా మీదే మూత్రం పోశాడు. పొద్దున దండం, సాయంత్రం ఇది. మనుషుల భక్తి ఎంతసేపు ఉంటుందో నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఆ ఘాట్ మీద ఏళ్ల తరబడి కాఫీ బస్తాలూ పసుపు బస్తాలూ మోశాను. అరిగితే కొత్త రబ్బరు అతికించి మళ్లీ తోలారు. చివరికి చింతపల్లి ఇవతల ఒక మలుపులో పేలిపోయాను. నాలో జానెడు చీలిక. సూరిబాబు దిగి నన్ను ఒక తన్ను తన్ని, పక్కనున్న పంక్చరు షాపులో పడేసి వెళ్లిపోయాడు. వానాకాలం నాలో నీళ్లు నిలిచి దోమలు కాపురం పెట్టాయి. షాపువాడు రోజూ తిట్టేవాడు గానీ ఒక్కనాడూ నన్ను కదిపి ఆ నీళ్లు పారబోయలేదు.

సుక్రమ్మ నన్ను చూసింది అక్కడే. చూసింది అనడం కూడా తప్పు, కూర్చుంది. సంతలో రాజ్‌మా గింజలు అమ్ముకుని, జీపు కోసం ఎదురుచూస్తూ నా మీద చతికిలబడి, మరుక్షణం ఎగిరి లేచింది. చలికాలం మధ్యాహ్నం అది. గాలి కోసేస్తోంది. కానీ పొద్దుటి నుంచీ ఎండలో ఉన్నాను కదా, నల్లటి ఒళ్లు, కాలిపోతున్నాను. ఇంకొకరైతే చీర దులుపుకుని పక్కకి జరిగేవాళ్లు. సుక్రమ్మ వంగి అరచెయ్యి నా మీద ఆనించి చాలాసేపు అలాగే ఉంచింది. ఎండ కొండ వెనక్కి జారాక మళ్లీ ఆనించి చూసింది. ఆమె జీపు వెళ్లిపోయింది కూడా.

ఆ చెయ్యి వెనకాల ఏముందో నాకు తర్వాత తెలిసింది. ఆమెది కొండమీద పది గడపల ఊరు. కరెంటు స్తంభాలు నాటారు గానీ తీగలు రాలేదు. మన దేశంలో ఈ మూల నీళ్లు గడ్డకట్టడమేమిటని మీరు నవ్వుతారు. అన్ని ఏళ్లూ కట్టవు. కట్టిన ఏడు మాత్రం తెల్లారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టుంటుంది, సత్తు గంగాళంలో నీళ్ల మీద గాజుపలకలా మంచు తేలుతుంది. అంతకు ముందటి చలికాలం ఆమె ఎద్దు ఆ గంగాళంలో మూతి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది. మర్నాడూ అంతే. పశువు మొండిది, నచ్చని నీళ్లు తాగదు. ఎండుగడ్డి మాత్రం తిన్నది. నీళ్లు లేక ఆ గడ్డి లోపల బిగుసుకుపోయి, కడుపు ఉబ్బి చచ్చిపోయింది.

కాచి పొయ్యొచ్చు కదా అంటారు. పొయ్యండి. కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని ఆ కొండ ఎక్కి, ఒక పశువు తాగేన్ని నీళ్లు కాచి, అది తాగాలనుకునే వేళ దాకా వేడి ఆరకుండా కూర్చోండి. సలహాకి కట్టెలు ఖర్చవవు.

ఎద్దు పోయిన రోజుల్లో సుక్రమ్మ ఒకటి గమనించింది. తెల్లవారి పెరడంతా తెల్లగా ఉంటే, పెంట మాత్రం నల్లగా, ఆవిరి కక్కుతూ ఉంది. దాని మీద మంచు నిలవలేదు. ఆ పెంటలో పాతిపెట్టడానికి ఆమెకి ఒక గిన్నె కావాలి. ఇనుమైతే చల్లబడిపోతుంది, కుండైతే పగిలిపోతుంది. ఆ వెతుకులాటలో ఉండగానే నా మీద కూర్చుంది. నన్ను తీసుకెళ్లొచ్చా అని అడిగితే దోమల పీడ పోతుందన్నాడు షాపువాడు.

జీపు పోయింది గనక ఆమె, మొగుడు బుద్దూ నన్ను నిలబెట్టి వంతులవారీగా దొర్లించుకుంటూ కొండెక్కించారు. ఇల్లు చేరాక బుద్దు నా పైచెంప రంపంతో కోశాడు. ఒక రోజంతా కోశాడు, కోసినంతసేపూ తిట్టాడు. కొట్టం తూర్పు అంచున గొయ్యి తీసి, నన్ను నడుముదాకా దింపి, అడుగు బొక్కనీ చీలికనీ సిమెంటుతో పూడ్చాడు. చుట్టూ పచ్చి పేడ, గడ్డి కలిపి దట్టించారు. పైన చెక్క మూత, దాని మీద గోనెసంచులు. ఆవు మూతి పట్టేంత సందు మాత్రం వదిలారు. సాయంత్రం ఎండ ఉండగానే సుక్రమ్మ లోయలోని ఊటనీళ్లు తెచ్చి పోసేది. పగలంతా ఎండ తాగి నేను, లోపల మగ్గుతూ పేడ, ఆ నీళ్లని తెల్లారేదాకా కాపాడేవాళ్లం. మంచు పడ్డ ఏడు కూడా మూత తీస్తే సన్నగా ఆవిరి వచ్చేది. లారీ కింద ఎన్ని బస్తాలు మోసినా రాని గర్వం నాకు ఆ పేడలో కూర్చుంటే వచ్చింది. నవ్వుకుంటే నవ్వుకోండి.

పట్టాభి సంగతి ఇప్పుడు చెబుతాను. అనకాపల్లి మనిషి. ఊరికి పైన మెరక కౌలుకి తీసుకుని గుడారాలు వేశాడు. చలి చూడ్డానికి జనం రావడం మొదలుపెట్టారు. అవును, చూడ్డానికే. ఎద్దుని చంపిన చలిని చూడ్డానికి మఫ్లర్లు చుట్టుకుని కార్లలో కొండెక్కేవాళ్లు. పట్టాభి చెడ్డవాడేమీ కాడు. అమ్మా అని పిలుస్తాడు, సుక్రమ్మ పొలంలో చిక్కుళ్లు కొంటాడు, ఎదురొస్తే నవ్వుతాడు. అందుకే నాకు మరీ మంట.

ఆ ఏడు సుక్రమ్మ మచ్చలావు ఈనింది. పెయ్య పుట్టింది. ఈనాక ఆవుకి వెనక కాళ్లు పడిపోయాయి, ఊట దాకా నడవలేదు. పశువుల డాక్టరు చూసి, నీళ్లు తాగినంతకాలం భయం లేదు, మెల్లగా లేస్తుందన్నాడు. ఇక దాని బతుకంతా నా దగ్గరే. నా పక్కనే పడుకుని మెడ చాచి తాగేది. అది తాగితేనే పెయ్యకి పాలు. రోజులు గడిచేకొద్దీ ముందరి మోకాళ్ల మీద ఒత్తి నడుము ఎత్తి చూసేది. ఒకనాడు సగం లేచింది కూడా. సుక్రమ్మ ఆ రోజు పాట పాడుకుంటూ పేడ మార్చింది.

అప్పుడే అవతలి కొండమీద ఆమె తల్లి దినం వచ్చింది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ వెళ్లక తప్పదు. నాలో నీళ్లు నింపి, మూత వేసి, ఆమె పట్టాభి దగ్గరికి వెళ్లింది.

"బావూ, మచ్చలావు లెగలేదు. తొట్టి మూత ఎవులూ తియ్యకుండా సూడండి. రేపు పొద్దెక్కేలోగా ఒచ్చేస్తాం."

"నువ్వెళ్లి రా అమ్మా. నేను చూసుకుంటాను."

చూసుకున్నాడు. ఆ వారమంతా గడ్డి మీద మంచే తప్ప నీళ్లు గడ్డకట్టింది లేదు. గడ్డకట్టే చలి అని బోర్డు పెట్టావు, ఏదీ చూపించు అని గుడారాల జనం అతన్ని నిలదీశారు. రేపొద్దున చూపిస్తానని మాటిచ్చేశాడు. చీకటి పడుతుండగా ఇద్దరు పనివాళ్లతో కొట్టం దగ్గరికి వచ్చాడు. మూత తీయించాడు. చుట్టూ పేడ గోకించాడు. లోతు నీళ్లు తొందరగా గడ్డకట్టవని తెలిసినవాడే, రెండు వేళ్ల నీళ్లుంచి మిగతావన్నీ తోడి పారబోయించాడు. సుక్రమ్మ మోసుకొచ్చిన ఊటనీళ్లు నా కళ్లముందే వాలుకి పారిపోయాయి. గోనెసంచులు వాళ్ల మంటలోకి వెళ్లాయి. మచ్చలావు మెడ చాచి చూస్తూనే ఉంది.

నేనేం చెయ్యగలను? టైరుని. పగలంతా దాచుకున్న వేడి నా ఒంట్లోంచి పైకి లేచిపోతుంటే పట్టుకోలేకపోయాను. ఆ రాత్రి కసిదీరా చలి పడింది.

తెల్లారగానే జనం వచ్చారు. నాలో మంచుపలక చూసి చప్పట్లు కొట్టారు. పగలగొట్టి ఎండకి ఎత్తిపట్టుకుని ఫొటోలు దిగారు. ఒక పెద్దమనిషి ముక్క నోట్లో వేసుకుని చప్పరించాడు. ఆవు చొల్లు అది, ఆయన కళ్లు మూసుకుని చప్పరించాడు. ఆ ఒక్కటే నాకు మిగిలిన సంతోషం. మచ్చలావు నాలుక చాచి నా అంచున అంటుకున్న మంచుని నాకింది. రాలేదు. అరిచింది. ఆవుకి కూడా ఐసు కావాలట అంటూ ఒకామె దాన్ని వీడియో తీసింది. అంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికి, ఒక్కరికైనా, ఆ ఆవుకి దాహమేమో అని తోచలేదు.

సుక్రమ్మ వచ్చేసరికి పొద్దెక్కింది. నేరుగా ఊటకి పరిగెత్తింది. నీళ్లు తెచ్చి, కాచి, చేత్తో దాని మూతికి అందించింది. రెండు గుక్కలు తాగి తల దించేసింది. మధ్యాహ్నానికి నెమరు ఆగింది. కడుపు గట్టిపడింది. డాక్టరు వచ్చాడు, మందులు పోశాడు. ఆ ఎద్దులాగే అదీ పోయింది.

పట్టాభి తల వంచుకుని వచ్చాడు.

"ఒక్క రాత్రికి ఏమవుద్దిలే అనుకున్నానమ్మా."

"నీకు ఒక్క రేత్రి, బావూ," అంది సుక్రమ్మ. "దానికి ఒక్క రేత్రే మిగిలుంది."

ఆ రాత్రే చంపిందా, ఎటూ పోయేదేనా అని మీరూ అడుగుతారు, నాకు తెలుసు. లేవడానికి సగం ఎత్తిన నడుముని నేను చూశాను. నన్ను అడక్కండి.

పెయ్యని గంజి తాగించి బతికించింది. వానలకి అది వాగు దగ్గర తాగడం నేర్చుకుంది, నేను ఖాళీగా ఉన్నాను. వలిసె చేల కోతలప్పుడు ఇంట్లో ఎవరూ లేని పూట పట్టాభి మనుషులు వచ్చి నన్ను పెకలించారు. అడుగు సిమెంటు విరిగి గోతిలోనే ఉండిపోయింది. నా చోట ఒక నీలం ప్లాస్టిక్ తొట్టి పెట్టి వెళ్లారు. ఊరికే పడుంది గదా, బదులు కొత్తది ఇచ్చానమ్మా అని పట్టాభి తర్వాత చెప్పాడట. దొంగతనం చేసి దానం చేసినట్టు చెప్పుకోవడం ఈ మనుషులకే చేతనవుతుంది.

నాకు నీలం రంగు పూశారు. మీద తెల్ల చుక్కలు. గుడారాల ముందు రాళ్లు పేర్చి, గాలి బాగా తగిలేట్టు వాటి మీద నిలిపారు. ప్లాస్టిక్ గుడ్డ పరిచి రోజూ రెండు వేళ్ల నీళ్లు పోసేవాళ్లు. నీళ్లు గడ్డకట్టే చోటు అని పక్కన బోర్డు. కట్టని రోజున కింద పట్నం నుంచి చేపల బుట్టల్లో వేసే ఐసు తెప్పించి, కొట్టి నాలో పోసేవాళ్లు. జనం ఆ ముక్కలు బుగ్గలకి ఆనించుకునేవాళ్లు. కొండగాలికి ఈ వాసన ఏమిటని ఒకాయన అడిగితే, ఇక్కడి మూలికలదండీ అన్నాడు పట్టాభి. నీళ్లని చలి నుంచి కాపాడినదాన్ని, నా బతుక్కి ఇదొక పరువు.

చలి ముదిరింది. ఒక పొద్దున సుక్రమ్మ వచ్చింది. నిండా జనం. పిల్లలు నాలో చేతులు పెట్టి ఐసు ఏరుకుంటున్నారు. ఆమె నేరుగా వచ్చి, వాళ్లని పక్కకి జరగమంది. నా అంచు పట్టుకుని ఎత్తింది. ఐసు, నీళ్లు, ప్లాస్టిక్ గుడ్డ, అన్నీ పట్టాభి కాళ్లమీద పడ్డాయి.

అమ్మా, అందరూ చూస్తున్నారు, కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడతను.

"సూడనీ," అంది. "నువ్విచ్చిన తొట్టిలో నీలు గెడ్డకట్టేసినాయి. పెయ్య మూతెట్టి ఎనక్కి తీసేసింది. ఆళ్లమ్మ పోయినట్టు దీన్ని పోనీను. ఇది నా ఆవు తొట్టి, తీసుకుపోతన్నాను."

నన్ను నిలబెట్టింది. నేను టైరునన్న సంగతి అక్కడ అందరూ మరిచిపోయినట్టున్నారు. పేలిపోయినా, చెంప కోసేసినా, గుండ్రంగానే ఉన్నాను. ఆమె అరచెయ్యి నా వీపు మీద పడింది. దొర్లాను. ఫోన్లు పట్టుకున్నవాళ్లు కంగారుగా తప్పుకుని దారి ఇచ్చారు. వాలు బాట. వదిలేస్తే లోయలోకి పోయేదాన్ని. ఆమె వదల్లేదు.

గోతిలో పాత సిమెంటు అడుగు అలాగే ఉంది. బుద్దు దాని మీద నన్ను కూర్చోబెట్టి అంచులు మళ్లీ పూడ్చాడు. అది ఆరాక పేడ దట్టించారు. నీలం రంగూ చుక్కలూ పేడ కిందికి పోయాయి. ఎండ ఉండగానే సుక్రమ్మ ఊటనీళ్లు పోసి, కొత్త సంచులు కప్పింది.

నా కోపం పోలేదు. గుడారాలు పైన ఇంకా ఉన్నాయి, బోర్డు ఇంకా ఉంది, పట్టాభి ఇంకో టైరు తెచ్చుకున్నాడని విన్నాను. మచ్చలావు మాత్రం లేదు.

ఆ రాత్రి కూడా గడ్డి తెల్లబడింది. తెల్లవారగానే సుక్రమ్మ పెయ్యని నా దగ్గరికి తోలుకొచ్చి మూత జరిపింది. పెయ్య కాసేపు వాసన చూసింది. మూతి పెట్టింది. వెనక్కి తీసుకోలేదు.