బానెట్ మీది వేడి

ముత్తన్న చెవి గురించి గల్ఫులోని హమద్ టౌన్‌లో ఏ షెడ్డు వాడినడిగినా చెబుతాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి అదుముకుని, కళ్ళు మూసుకుంటాడు. అంతే! లోపల ఏ ముక్క అరిగిందో, ఏది ఇంకో రెండేళ్ళు నడుస్తుందో చెప్పేస్తాడు. జగిత్యాల పక్క పల్లెలో బోరు మోటార్లు బాగుచేసుకునేవాడు, పద్నాలుగేళ్ళుగా ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు విప్పి బిగిస్తున్నాడు. సర్టిఫికెట్ ఏదని అడిగితే చెవి చూపిస్తాడు.

సరిగ్గా ఆ చెవినే మూసుకోమన్నాడు కఫీల్.

కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని, పేరు అబూ నాసర్. షెడ్డు ఆయనదే, షెడ్డు ముందు నిలబెట్టి అమ్మే పాత బండ్లూ ఆయనవే, ముత్తన్న వీసా కూడా ఆయన గుప్పెట్లోనే ఉంది. చెడ్డవాడని అనలేం. ముత్తన్నకు జ్వరమొస్తే తానే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, రంజాన్ నెలంతా ఇంటినుంచి అన్నం పంపాడు. బండి అమ్మేటప్పుడు మాత్రం ఆ నాలుకకు నరం ఉండదు.

"రేపు పది గంటలకు పార్టీ వస్తాడు. నల్ల పికప్‌ను అరగంట ముందే స్టార్ట్ చేసి వేడెక్కించు. ఏమడిగినా మాఫీ ముష్కిల్ అను. ఇంకో మాట వద్దు," అన్నాడు మంగళవారం సాయంత్రం, తన గల్ఫు హిందీలో. ఇబ్బందేం లేదని చెప్పడానికి అక్కడ అందరూ వాడే మాట అది.

వేడెక్కించడం ఎందుకంటారా? రాత్రంతా ఆగిన ఇంజనులో నూనె కిందికి జారిపోతుంది. పొద్దున మొదటిసారి తాళం తిప్పినప్పుడు, అరిగిన ముక్క ఉంటే టకటకా కొట్టుకుంటుంది. నూనె పైకెక్కి ఇంజను వేడెక్కితే ఆ చప్పుడు అణుగుతుంది. జబ్బు మాత్రం ఎక్కడికీ పోదు. అందుకే కొనేవాడు రాకముందే బండిని వేడి చేసి పెట్టడం ఆ షెడ్డులో ఆనవాయితీ. ఇన్నేళ్ళూ ముత్తన్న ఆ పని నోరెత్తకుండా చేశాడు.

పోయినేడు రామ్‌ప్రసాద్ బండికీ అలాగే చేశాడు. గుదైబియాలో లాండ్రీ బట్టలు చేరవేసే రామ్‌ప్రసాద్, ముత్తన్న "మాఫీ ముష్కిల్" అన్నాడని నమ్మి కొన్న పికప్ నలభై రోజుల్లో నడిరోడ్డు మీద ఇంజను బిగుసుకుపోయి ఆగిపోయింది. తిట్టినా బాగుండేది. షెడ్డుకొచ్చి, "అన్నా, నీకు తెలీలేదా?" అని మాత్రం అడిగాడు. తెలుసు, ఎందుకు తెలియదు! ఆ ప్రశ్న ఏడాదిగా ముత్తన్న గొంతులో ముల్లులా ఉంది.

ఇప్పుడు రాబోయే పార్టీ ఫిన్నీ. రాజోలు కుర్రాడు, తెలుగు ఫెలోషిప్ ప్రార్థనల్లో డోలక్ వాయిస్తాడు. తొమ్మిదేళ్ళు కంపెనీ బస్సు నడిపి, ఈమధ్యే సొంతంగా పని చేసుకునే కాగితాలు తెచ్చుకున్నాడు. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్ మోయడానికి పికప్ కావాలి. పోయిన శుక్రవారమే ఫోన్ చేసి ముత్తన్న చెవి తినేశాడు.

"అన్నయ్యా, నాలుగు సిలిండర్లది తీసుకోమంటారా, టర్బో వీ సిక్స్ తీసుకోమంటారా? నాకు మటుకు ఎనిమిది సిలిండర్ల వీ ఎయిట్ మీదే మనసుందండీ. ఆ సౌండే సౌండండీ బాబూ!"

"సౌండ్ జూసి పిల్లనిస్తరారా తమ్మి?" అని నవ్వాడు ముత్తన్న. "నాలుగుది సాదుది, గని ఫ్రిజ్జులు బీరువాలు ఏసుకొని ఏసీ పెట్టి వంతెన ఎక్కితె గోస పడ్తది. టర్బోది గుంజుడు మంచిగ గుంజుతది, గని ఈ ఎండకు, ఈ దుమ్ముకు టర్బో పోయిందనుకో, నీ నడుం ఇర్గుతది. టర్బో లేని ఎనిమిది మొండిది. గని అన్ని ఎనిమిదులు ఒక్క తీరుగుండయ్. కొనేముందు నాకు జూపెట్టు."

తీరా ఫిన్నీ ఎంచుకున్నది అబూ నాసర్ అమ్ముతున్న ఆ నల్ల బండినే!

బుధవారం పొద్దున ఏడింటికి పికప్ తాళం ముత్తన్న జేబులో ఉంది. ఎనిమిదైంది, తొమ్మిదైంది. వచ్చే నెల వీసా రెన్యూవల్, ఊళ్ళో కూతురు వినోద నర్సింగ్ రెండో సంవత్సరం. తాళం బయటికి తీశాడు, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "ఇగ నాతోని గాదు," అని పైకే అనేసి వేరే బండి బ్రేకులు విప్పుతూ కూర్చున్నాడు.

పది కావస్తుండగా అబూ నాసర్ వచ్చాడు. వచ్చీ రాగానే నల్ల పికప్ బానెట్ మీద అరచెయ్యి పెట్టి, చురుక్కుమనగానే వెనక్కి లాక్కుని, "షాబాష్ ముత్తన్!" అన్నాడు తృప్తిగా. జూన్ నెల, బయట నలభై నాలుగు డిగ్రీలు. ఎండలో నిలబడ్డ నల్ల రేకు అది, దాని మీద దోసె పోస్తే కాలుతుంది.

ముత్తన్న బ్రేకుల్లోంచి తలెత్తలేదు.

ఫిన్నీ రాగానే అబూ నాసర్ అతన్ని తన పసుపు కారు దగ్గరికి లాక్కెళ్ళాడు. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, శుక్రవారం శుక్రవారం సఖీర్ రేసు ట్రాకు మీద తిప్పుతాడు. దాన్ని ముత్తన్న తప్ప ఇంకెవ్వరూ ముట్టకూడదు.

"మూడేళ్ళు! ఒక్కరోజూ మొరాయించలేదు! నీ పికప్‌లో ఉన్నదీ ఇదే ఇంజను," అన్నాడు.

ఇదీ అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. రెండూ ఒకే ఇంట్లో పుట్టినవే. పసుపు కారు గేర్లు చేత్తో వేసేది, దానికి ఎనిమిది సిలిండర్లూ ఎప్పుడూ పనిచేస్తాయి. పికప్‌లో మాత్రం, మెల్లగా పోతున్నప్పుడు పెట్రోలు కలిసొస్తుందని ఇంజనే నాలుగింటిని పడుకోబెడుతుంది. అలా పడుకోబెట్టే లిఫ్టర్లు అనే ముక్కలే ఈ బండిలో అరిగాయి. మూడు వారాల కిందటే ముత్తన్న చెవి ఆ మాట చెప్పింది.

"యల్లా, స్టార్ట్ చెయ్," అన్నాడు అబూ నాసర్.

ఫిన్నీ తాళం తిప్పాడు. ఇంజను గర్జించింది. ఆ గర్జన వెనకే టక్, టక్, టక్, టక్ అని ఎవరో లోపల గోడకు మేకు కొడుతున్నట్టు మొదలైంది.

అబూ నాసర్ మొహం మాడిపోయింది. "నువ్వు వేడి చేయలేదా?"

"నేను జెయ్యలే అర్బాబ్. ఎండ జేసింది," అన్నాడు ముత్తన్న. యజమానిని పిలిచే ఆ అర్బాబ్ తప్ప, అతని హిందీ కూడా జగిత్యాల యాసలోనే ఉంటుంది.

"పర్వాలేదు, రెండు నిమిషాల్లో పోతుంది. చెప్పు ముత్తన్, మాఫీ ముష్కిల్ అని చెప్పు!"

ముత్తన్న లేచి చేతులు తుడుచుకున్నాడు. స్క్రూడ్రైవరు తెచ్చి ఫిన్నీ చేతిలో పెట్టి, ఇంజను మీద చోటు చూపించాడు. "నేను జెప్తె నా మాట అయితది. నువ్వే ఇను."

ఫిన్నీ పిడిని చెవికి పెట్టుకుని, ఉలిక్కిపడి తీశాడు. "ఓర్నాయనో! ఇదేంటన్నయ్యా, లోపల కమ్మరి కొలిమి పెట్టారా?"

అబూ నాసర్ అరబ్బీలో అరిచాడు, హిందీలో అరిచాడు. చివరికి అందరికీ అర్థమయ్యే మాట అన్నాడు. "ఖలాస్! వీసా లేదు, పని లేదు, రూము లేదు. సామాన్ సర్దుకో!"

"సర్దుకుంట," అన్నాడు ముత్తన్న. "పద్నాలుగేండ్లు నీ ఇంజన్లు బాగుజేసిన. ఒక్కని కొంప గూడ ముంచిన. రెండోది ముంచ. ఏం జేసుకుంటవో జేసుకో."

ఆ మధ్యాహ్నమే ఫిన్నీ ఒక స్నేహితుడి కారులో ముత్తన్న పెట్టె వేసుకుని గుదైబియాలో తన గదికి తీసుకెళ్ళాడు. ముత్తన్నకు భయం వేయలేదని అనను. బాగానే వేసింది. అయినా ఏడాది తర్వాత మొదటిసారి అన్నం గొంతులో అడ్డం పడకుండా దిగింది.

గురువారం సాయంత్రం టీ తాగుతుంటే కింద సందులో పసుపు కారు మోత వినిపించింది. రెండో అంతస్తునుంచే ముత్తన్న చెవి నిక్కబొడుచుకుంది. మోతలో ఏదో తేడా ఉంది.

కిందికి దిగితే అబూ నాసర్ స్టీరింగు వదలకుండా కూర్చుని ఉన్నాడు. "రేపు ట్రాకుకు వెళ్ళాలి. మా అబ్బాయి నాసర్ నా పక్కన కూర్చుంటానంటున్నాడు. ఇదేదో కొత్త చప్పుడు. కొత్త మెకానిక్‌ను అడిగితే మాఫీ ముష్కిల్ అంటాడు."

"మరింకేంది అర్బాబ్? నీకు గావాల్సిన మాట గదే గద!"

అబూ నాసర్ తల దించుకుని, "వాడి మాట నాకు నమ్మకం లేదు. నువ్వు విను," అన్నాడు.

"ఇంట. గని నల్ల పికప్ ఇప్పి లిఫ్టర్లు మార్సినంకనే అమ్ముడు. ఇగనుంచి ఏ బండి ముందుగాల వేడిజేసుడు లేదు. ఒప్పుకుంటెనే షెడ్డుల అడుగువెడ్త."

"నేను నీ కఫీల్‌నా, నువ్వు నా కఫీల్‌వా?"

"నీ కొడుకు గూసునే బండి గదా. నువ్వే జెప్పు."

సందులో ఎవరి పనులు వాళ్ళు మానేసి చూస్తున్నారు. లాండ్రీ గుమ్మంలో రామ్‌ప్రసాద్ కూడా నిలబడి ఉన్నాడు. అబూ నాసర్ మెల్లగా తలూపాడు. స్క్రూడ్రైవరు ఏదన్నట్టు ముత్తన్న చేతుల వంక చూశాడు.

"ఇప్పుడు గాదు," అన్నాడు ముత్తన్న. "ఇంజన్ బందు వెట్టు. పొద్దుగాల ఇంట, సల్లగైనంక."

అబూ నాసర్ ఇంజను ఆపి, తాళం ముత్తన్న చేతిలో పెట్టి, ట్యాక్సీ కోసం నడుచుకుంటూ వెళ్ళాడు.