కొంచెం తూర్పుకి

నేను ఒక ఖర్జూరపు మట్టను. మూరెడు పొడవుంటాను. నైలు ఒడ్డున హోరి అనే మనిషి నన్ను ఎండబెట్టి, నునుపు చేసి, తలలో సన్నటి చీలిక తీశాడు. ఆ చీలికే నా కన్ను. దానితో నేను చూసేవి రెండే: ఒక దారం, దాని వెనక ఒక చుక్క. దారం లేకపోతే నేను వట్టి పుల్లను.

ఆ దారం హోరి బావ సెన్బి చేతిలో ఉండేది. గుడికి పునాది తీసే ముందు రాత్రి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు. సెన్బి ఉత్తరాన కూర్చుని, కొసకు రాతిగుండు కట్టిన దారాన్ని వేలాడదీసేవాడు. దక్షిణాన హోరి నన్ను కంటికి ఆనించుకుని, ఉత్తరపు చుక్క దారం మీదికి వచ్చేదాకా చూసేవాడు. రాగానే ఇద్దరి మధ్య నేల మీద గీత గీసేవారు. ఆ గీతే గుడికి దిక్కు. దేవుడు చుక్కలకు ఎదురుగా కూర్చోవాలని మనుషుల కోరిక. దేవుణ్ణి నేనెప్పుడూ చూడలేదు గానీ, దారం వెనక సెన్బి ఆవులించడం చాలాసార్లు చూశాను.

అతని చెయ్యి ఎప్పుడూ పడమటికి వాలేది.

"కొంచెం తూర్పుకి, బావా."

"నీ తలే వాలిందేమో చూసుకో."

"మా అక్క పెట్టిన రొట్టెలన్నీ ఆ చేతిలోకే దిగినట్టున్నాయి."

"తిననివ్వవు, పడుకోనివ్వవు. ఇదిగో, చాలా?"

"చాలు. ఇక కదలకు."

అన్నిటికంటే పెద్ద గుడికి రాజుగారే వచ్చి ఆ గీత మీద మొదటి మేకు కొట్టాలని నిర్ణయమైంది. అంతలో జ్వరమొచ్చి సెన్బి పోయాడు. దారాన్ని అతనితోనే పాతిపెట్టారు. రాజుగారు వచ్చే రోజు తెల్లారేలోపు గీత పడకపోతే హోరికి మళ్లీ ఏ గుడి పనీ దొరకదు. కొత్త దారమిచ్చి ఓ కొత్తవాణ్ణి కూర్చోబెట్టారు. అతని చెయ్యి రాయిలా నిలిచింది. చుక్క వచ్చి దారం మీద ఆగింది. అంతా సరిపోయింది. అప్పుడు హోరి అలవాటుగా అన్నాడు.

"కొంచెం తూర్పుకి, బావా."

కొత్తవాడు బుద్ధిమంతుడు, జరిపాడు. నా చీలికలో దారం చుక్కను వదిలేసింది. హోరి కన్ను తడిగా ఉంది, అతనికి కనబడలేదు. నాకు నోరు లేదు.

పొద్దున రాజుగారు మేకు కొట్టారు. రాజు కొట్టిన మేకును పీకే ఆచారం అక్కడ లేదు. గోడ లేచాక ఒకనాడు హోరి ఒక్కడే వచ్చి, పక్కనున్న పాత గుడితో పోల్చి చూసి, వాలు కనిపెట్టాడు.

"లేకపోయినా నీదే గోల, బావా" అన్నాడు మెల్లగా. ఇంకెవరికీ చెప్పలేదు. అతను పోయినప్పుడు నన్ను సమాధిలో అతని పక్కన పెట్టారు.

ఇప్పుడు హైదరాబాదులో, ఒక మ్యూజియం అద్దాల పెట్టెలో ఉన్నాను. వేల ఏళ్లలో ఆకాశం నెమ్మదిగా జరుగుతుందనీ, ఆ గుడి వాలు అందువల్లేననీ పండితులు నా ముందే వాదించుకుంటారు. ఆకాశం జరిగే మాట నిజమే. సెన్బిని మాత్రం వాళ్లెరగరు.

నిన్న, పెళ్లి పారాణి ఇంకా వదలని ఒక అమ్మాయి పెట్టెకు ఒక పక్క వంగి, నా చీలికలోంచి చూసింది. అవతలి పక్క ఆమె మొగుడు.

"ఏం కనబడుతోంది?"

"నీ ముక్కు. దారం ఏదైనా పట్టుకో బావా, ఇక్కడ చీటీ మీద రాశారుగా."

గేటు దగ్గర సంచులు అప్పగించినప్పుడు ఇచ్చిన ఇత్తడి బిళ్లను, దాని దారంతోనే అతను వేలాడదీశాడు. ఇన్నాళ్లకు నా చీలికలో దారం పడింది. వెనక చుక్క లేదు, ట్యూబులైటు ఉంది. అతని చెయ్యి మెల్లగా వాలింది.

"కొంచెం ఇటు, బావా."

జరిపాడు. సరిగ్గా కుదిరింది. ఇద్దరూ నవ్వుకుంటూ మమ్మీని చూడ్డానికి వెళ్లిపోయారు.

దారం ఉండిన చోటు వైపే నేనింకా చూస్తున్నాను.