గడప దాటని లెక్క

మా మనవరాలు రాలిత్సా, దాన్ని పెళ్లాడబోయే దెల్యాన్ మా వంటింటి బల్లకు చెరోవైపు కూర్చుని, చెరిగిన ఫొటోలను బాగుచేసే ప్రోగ్రాం రాస్తున్నారు. మర్నాడు తర్నోవో మ్యూజియంలో చూపించాలి. అందులోని లెక్క నాకు భలే నచ్చింది. మొత్తం రెండువందల యాభై ఆరు సంఖ్యలే. ఎంత కూడినా, గుణించినా జవాబు వాటిలోనే ఉండాలి. హద్దు దాటబోయినదాన్ని ఒక సూత్రం చెవి పట్టుకుని లోపలికి లాక్కొస్తుందట. ఎవరూ ఇల్లు విడిచిపోని లెక్క!

గొడవల్లా ఆ లెక్క ఏ పనిముట్టుతో చేయాలన్నదే. ఫొటోను భద్రపరిచే భాగానికి దెల్యాన్ వేగంగా నడిచే లైబ్రరీ వాడాడు. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కట. చెరిగినదాన్ని సరిచేసే భాగానికి రాలిత్సా తేలిగ్గా అర్థమయ్యేది ఎంచుకుంది. విడివిడిగా రెండూ బాగానే పనిచేశాయి. కలిపి నడిపితే మాత్రం ఫొటోలో పాత మేయరుగారి మీసాలు దోసకాయ పెరుగుచారులా వచ్చాయి.

"నీ లైబ్రరీ నత్త. పైగా తప్పుల తడక," అన్నాడు దెల్యాన్.

"నీది పరిగెత్తి గోతిలో పడే గాడిద! ఇదిగో ఉంగరం, దాని మెళ్లో కట్టుకో!"

దెల్యాన్ లేచాడు. మా చెల్లెలు సూపులో ఉప్పు దగ్గర మాటామాటా పెరిగి బుర్గాస్ బస్సెక్కింది, మళ్లీ రాలేదు. బూట్లు తొడుక్కున్నవాళ్లను నేనెప్పుడూ ఆపలేకపోయాను. గుమ్మం దగ్గరున్న అతని బూట్లు ఆప్రాన్‌లో చుట్టి నేలమాళిగలోకి దిగాను.

"బామ్మా, నా బూట్లేవి?"

"పిల్లి ఎత్తుకుపోయిందేమో నాయనా."

"రెండూనా?"

"పెద్ద పిల్లి."

బయట మంచు. ఇంటి చెప్పులతో మా వాలు వీధిలోకి అడుగుపెడితే తేలేది నదిలోనే. చేసేదిలేక దెల్యాన్ మళ్లీ కూర్చుని, తన లైబ్రరీని ఎలా వాడాలో చెప్పే మొదటి పేజీ చదివాడు. అంతవరకూ ఇద్దరూ చదవలేదు. వాళ్లలో అది నామోషీ కాబోలు.

"రాలీ," అన్నాడు కాసేపటికి, గొంతు తగ్గించి. "లోపలికి లాక్కొచ్చే సూత్రం నువ్వేది ఇచ్చావు?"

"నేనేమీ ఇవ్వలేదే. లైబ్రరీయే ఏదో పెట్టుకుంది."

"నాదీ అంతే. చూడు, రెండూ వేరు."

ఎవరి లెక్క వాళ్లింట్లో నిజమే, అవతలింట్లో అబద్ధం! రాలిత్సా తన ప్రోగ్రాంలో ఒక్క వరుస మార్చింది. మీసాలు తిరిగొచ్చాయి.

"నత్తే దారికొచ్చింది," అన్నాడు.

"గాడిదకు చదువొచ్చింది కనక," అంటూ ఉంగరం వేలికి ఎక్కించుకుంది.

పొద్దున బయల్దేరుతూ దెల్యాన్ నా ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. "బామ్మా, పిల్లి కబురేమైనా పెట్టిందా?"

నేలమాళిగకు వెళ్లి చూద్దునుగదా, బూట్లు పెట్టిన పీపా మూత ఒరిగిపోయి ఉంది. రెండు బూట్లూ క్యాబేజీ ఊరగాయలో రాత్రంతా ఊరాయి.

మ్యూజియంలో అందరూ మీసాలను మెచ్చుకుని, కిటికీలు తెరవమన్నారట. సాయంత్రం ఇద్దరూ కలిసే తిరిగొచ్చారు. బూట్లను మాత్రం నేను గడప దాటి లోపలికి రానివ్వలేదు.