డెన్జిల్‌కు అంటని తీగ

ఓర్ఫా చేతితొడుగులు పోయింది సోమవారం నాడు. కొండమీద కుటుంబ సమాధుల దగ్గర కంచె కర్రకు వాటిని తగిలించి, సీసాలో నీళ్లు తాగి తిరిగి చూసేసరికి గాలి వాటిని లోయలోకి ఎత్తుకుపోయింది. వచ్చే ఆదివారం, ఏటా ఒకసారి అందరూ సమాధులకు పూలు పట్టుకుని పైకి వచ్చే రోజు. అప్పటికి సమాధుల చుట్టూ కలుపు, కంచెకు పాకిన తీగ అన్నీ పోవాలి. ఆ పని ఏటా ఆమె భర్త డెన్జిల్ చేసేవాడు. చలికాలంలో అతను కూడా ఆ కంచెలోపలికే చేరాడు.

ఆ తీగ ముట్టుకుంటే దురద పొక్కులు లేపే పాయిజన్ ఐవీ అని ఓర్ఫాకు తెలియక కాదు. మూడో తరగతి పిల్లలకు ప్రతి వసంతంలోనూ బోర్డు మీద ఆ మూడాకుల బొమ్మ వేసి, ముట్టుకోవద్దని చెప్పే మనిషి ఆమే. కానీ డెన్జిల్ దాన్ని వట్టి చేతులతో పీకి భుజాన వేసుకునేవాడు. "మా ఇంటి రక్తానికి ఈ తీగ భయపడుతుందే" అనేవాడు. ఇన్నేళ్లు ఆ ఇంట్లో ఉన్నాక తనకూ ఆ మర్యాద కొంత దక్కకపోతుందా అనుకుని, ఆమె కూడా వట్టి చేతులతోనే పీకింది.

బుధవారానికి రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్రగా పొంగి, వేళ్ల సందుల్లో నీటి పొక్కులు లేచాయి. బల్లమీద ముడతల కాగితం, సన్నటి ఇనప తీగచుట్ట, మైనం కరిగించే గిన్నె అలాగే ఉన్నాయి. భర్త పోయిన తరువాత వచ్చే మొదటి పూల ఆదివారానికి కాగితం గులాబీలు భార్య తన చేత్తోనే చుట్టాలి. ఆ ఇళ్లలో అది ఆనవాయితీ. వేలు మడిస్తే చాలు, ఓర్ఫా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

డెన్జిల్ అక్క డెల్ఫియా తలుపు తోసుకుని వచ్చి, చేతులు చూసి, కుర్చీలో కూలబడి నవ్వింది.

"ఏం టీచరమ్మా, బోర్డు మీద బొమ్మ సరిగ్గా వేశావా, లేక పిల్లలకు ఇన్నేళ్లూ టమాటా మొక్క చూపించావా?"

"నవ్వకు వదినా. దురదతో ప్రాణం పోతోంది."

"గోకావా?"

"లేదు."

"అబద్ధం. గోళ్ల కింద చూడు."

వెనకే పొరుగింటి హోబర్ట్ వచ్చాడు. గుమ్మం దాటకుండా, మొక్కజొన్న రొట్టె ఉన్న పళ్లేన్ని చీపురుకర్రతో లోపలికి తోశాడు.

"అంటుకుంటుందేమోనని" అన్నాడు.

"పొక్కుల్లో నీళ్లు ఎవరికీ అంటవు హోబర్టూ. తీగ జిడ్డు మిగిలుంటేనే అంటుతుంది. సిగ్గులేదూ, ఆడవాళ్లకు భయపడతావు?"

"కాస్త పెట్రోలు పూస్తే చిటికెలో పోతుంది అక్కా. మా నాన్న అలాగే చేసేవాడు."

"మీ నాన్నకు కనుబొమలు ఎందుకు లేవో ఇప్పుడు తెలిసింది. వెళ్లు, ఆ వాగు ఒడ్డున దురదకు పనిచేసే నీటికాడల మొక్క ఉంటుంది, ఓ గుప్పెడు కోసుకురా. మూడాకులదైతే మాత్రం తేకు."

అతను వెళ్లాక డెల్ఫియా పనిలోకి దిగింది. ముందు సోమవారం కట్టుకున్న బట్టలు, బూట్ల తాళ్లు కూడా సబ్బునీళ్లలో వేసింది. ఓట్స్ మెత్తగా దంచి, పాతగుడ్డలో మూటకట్టి, చల్లటి నీళ్లలో పిసికింది. తెల్లటి పాలలాంటి ఆ నీళ్లలో ఓర్ఫా చేతులు ముంచింది. తరువాత వంటసోడా ముద్ద. హోబర్ట్ తెచ్చిన కాడలు చిదిమి, ఆ పసరు చివర్లో. ఒక్కో పనికీ ఆమె చేతులు తడుముకోలేదు. ఏది ఎప్పుడు ఆరుతుందో, ఎప్పుడు తుడవాలో చూడకుండానే తెలుసు.

"ఇంత అలవాటెలా అయింది వదినా? మీ ఇంట్లో ఎవరికీ ఇది అంటదుగా?"

డెల్ఫియా తల ఎత్తకుండా గిన్నెలో మిగిలిన పసరు వేలితో తీసింది. పెదవులు మాత్రం కుదురుగా లేవు.

"ఏడాదికోసారి నా ఇంటి కప్పు బాగుచేయడానికి వచ్చేవాడు గుర్తుందా, మీ ఆయన?"

"ఊఁ. సమాధుల దగ్గర పని అవగానే. వారం ఉండేవాడు."

"నా కప్పుకు ఏ లోటూ లేదు. నా స్నానపుతొట్టి మాత్రం అరిగిపోయింది. మెడ దాకా ఓట్స్ నీళ్లలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చేవాడు. పెళ్లికి ముందు నీ దగ్గర గొప్పలు పోయాడట. ఆ మాట ఇక వెనక్కి తీసుకోలేక, ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

 ఆ వారాల్లో తాను ఒక్కతే భోంచేస్తూ, అక్క ఇల్లంటే ఇతనికి ఎంత ప్రేమో అని కొంచెం కుళ్లుకున్న సంగతి ఓర్ఫాకు గుర్తొచ్చింది. మెడ దాకా నీళ్లలో మునిగి, బింకంగా టోపీ పెట్టుకుని ఉన్న డెన్జిల్ కళ్లకు కట్టాడు.

"టోపీ తీసేవాడా?"

"తీస్తాడా!"

ఓర్ఫాకు నవ్వొచ్చింది. చలికాలం నుంచి రాని నవ్వు, ఆగకుండా వచ్చింది. చేతుల నిండా పసరు ఉన్నందువల్ల కళ్లు తుడుచుకునే వీల్లేకపోయింది. డెల్ఫియా కొంగులాగా ఏప్రాన్ అంచు పట్టుకుని తుడిచింది. తనవీ తుడుచుకుంది.

"పూలు నేను చుట్టిపెట్టనా? ఎవరికీ చెప్పనులే. రహస్యాలు దాచడం నాకు బాగా వచ్చు."

"వద్దు వదినా. నేనే చుట్టాలి."

"అయితే గోకకు."

శనివారానికి దురద చల్లారింది గానీ వాపు పూర్తిగా తగ్గలేదు. డెల్ఫియా కాగితం కత్తిరించి ఇచ్చింది. ఓర్ఫా మొద్దు వేళ్లతో ఒక్కో రేకూ చుట్టి, తీగ బిగించి, మైనంలో ముంచింది. గులాబీలు కాస్త వంకరగా వచ్చాయి. క్యాబేజీల్లా ఉన్నాయంది డెల్ఫియా. అతనికి క్యాబేజీ ఇష్టమేనంది ఓర్ఫా.

ఆదివారం వాటిని అతని తల దగ్గర గుచ్చింది. కాడలకు ఆకుపచ్చ కాగితం ఆకులు కట్టడం ఇంకా మిగిలి ఉంది; ఒక్కో కాడకూ మూడేసి కట్టింది.